జేబులోని చాకు

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 24:6, యిర్మీయా 36వ అధ్యాయము, లూకా 22:35–51



గత మాసములో ఒక ఆదివారము ఆరాధనకు ముందు క్రొత్త పాటల పుస్తకముల కట్ట వచ్చినది. దానికి గట్టిన పురికొస ఎంత లాగినను తెగకపోయెను. మేము జేబులోనుండి చాకు తీసి కోసితిమి. అది చూచుచున్న మా సంఘపు యౌవనుడొకడు ఆరాధన ముగియువరకు ఊరకుండి, అందరును వెళ్లిన పిమ్మట మాయొద్దకు వచ్చి, "అయ్యగారండీ, నాది కత్తైతే మీదేటండి?" అని అడిగెను.

అతడు అట్లడుగుటకు కారణమున్నది. అతడు కొంతకాలముగా ఒక మడతకత్తిని లాగు జేబులో వేసికొని తిరుగుచున్నాడు. మీట నొక్కగానే అలుగు బయటికి వచ్చునట్టి కత్తి అది. ఒక పెండ్లిలో డప్పుల దగ్గర మాటామాటా పెరిగినప్పుడు అతడు దానిని తీయలేదు గాని, అతని చేయి జేబులోనికి పోయినదని చూచినవారు చెప్పిరి. కాబట్టి దానిని ఇంట పెట్టి రావలెనని మేము గట్టిగా చెప్పియుంటిమి. ఇప్పుడతడు ఆ లెక్క అప్పగించుచున్నాడు.

"నాది చాకు" అంటిమి. అతడు నవ్వెను. అది ఉత్తరము కాదని అతనికిని మాకును తెలిసినది. ఆ రాత్రి మాకు నిద్ర సరిగా పట్టలేదు. ఆ ప్రశ్ననే ఈ నెల మీ యెదుట పెట్టుచున్నాము.

మైదానపు సంఘములవారికి ఈ మాట చిన్నదిగా తోచవచ్చును. మా చింతపల్లి మన్యములో అట్లు కాదు. ఇక్కడ మొలకు కత్తి లేక కొండకు పోవు మనుష్యుడు అరుదు. బగతలైనను, కొండదొరలైనను, కోందులైనను, తెల్లవారకముందే లంబసింగి మంచులో దుప్పటి కప్పుకొని బయలుదేరునప్పుడు చేతికి మొదట తగులునది కత్తియే. అడ్డాకు కోయుటకు, కొండచీపురు కట్టలు గట్టుటకు, కాఫీతోటలో నీడచెట్ల కొమ్మలు నరకుటకు, జీలుగు చెట్టు గెలను చెక్కి కల్లు తీయుటకు, పొగాకు తరుగుటకు, త్రోవలో ముల్లు గ్రుచ్చుకొనినయెడల ముల్లు తీయుటకును అదే. పిల్లవాడు పుట్టినప్పుడు బొడ్డు కోసినదియు ఒకప్పుడు అట్టి కత్తియే. (ఇప్పుడు ఆసుపత్రికి పోవుచున్నారు, దేవునికి స్తోత్రము.)

ఆ కత్తిని చేయువాడు కొండ కమ్మరి. కొలిమి, తిత్తులు, దాగలి, సమ్మెట, పటకారు. అంతకు మించిన సరంజామా అతనికి లేదు. పాత లారీల కమాను పట్టీలు కొని తెచ్చి, ఎఱ్ఱగా కాల్చి సాగగొట్టును. చూచువారికి సుత్తిదెబ్బయే గొప్ప పనిగా కనబడును గాని, అసలు విద్య నీరు పట్టించుటలో నున్నది. కాలిన అలుగును నీట ముంచినప్పుడు అది గాజువలె పెళుసగును. ఒక్క దెబ్బకు విరుగును. దానిని రాతిమీద రుద్ది మెరుగుపెట్టి, మరల సన్నని సెగపై నుంచి, మెరుగుపెట్టిన చోట గడ్డిపోచ రంగు తేలగానే తీయవలెను. ఒక్క నిమిషము ఆలస్యమైన నీలము తిరిగి మెత్తనగును. ఎన్నియోమారులు ఆ కొలిమియొద్ద కూర్చుంటిమి. ఆ రంగును మేము ఇప్పటికిని సమయమునకు కనిపెట్టలేము. వెనుకటి దినములలో అతనికి రూకలు ఇచ్చుట లేదు. ఏడాదికి ఇంతని చోళ్లో సామలో కొలిచి యిచ్చుచుండిరి.

ఈ కొండలలో కత్తికిని సర్కారుకును పాత వ్యాజ్యమున్నది. 1879లో రంపదేశము తిరుగబడుటకు ముఖ్యమైన హేతువులలో చిగురుపన్ను ఒకటి. ఇంటి అవసరమునకు కల్లు గీచుకొనుచుండిన కొండవాని కత్తి మీద గుత్తేదారుడు వచ్చి కూర్చుండెను. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము తరువాత పోడు నరకుట నేరమాయెను. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మనుష్యులు మా చింతపల్లి పోలీసు ఠాణామీద పడినప్పుడు వారు కొనిపోయినవి తుపాకులు, తూటాలు. కత్తులకొరకు వారు ఏ ఠాణాకును పోనక్కరలేకపోయెను. 2022 ఏప్రిలులో ఆయన పేరిట జిల్లా యేర్పడి మా మండలము దానిలో చేరినది.

సమూయేలు మొదటి గ్రంథము పదుమూడవ అధ్యాయము చదువునప్పుడెల్ల మాకు ఈ సంగతులే జ్ఞాపకము వచ్చును. ఇశ్రాయేలు దేశమంతట కమ్మరి లేకుండ ఫిలిష్తీయులు చేసిరి. హెబ్రీయులు కత్తులు, ఈటెలు చేయించుకొందురేమోయని వారి భయము. అందుచేత నాగటి నక్కు పదును పెట్టించుకొనుటకును పేదవాడు శత్రువు ఊరికి దిగిపోయి, పైకమిచ్చి రావలసివచ్చెను. ఆయుధమని భయపడి తీసివేసినప్పుడు అన్నము పెట్టునదియు కూడ పోయెను.

చట్టము ఈ చిక్కును అంగుళములతో విప్పజూచినది. 1878లో దొరల ప్రభుత్వము ఆయుధముల చట్టము చేసెను. స్వతంత్రము వచ్చిన తరువాత 1959లో మరియొక చట్టము వచ్చెను. దాని క్రింది 1962 నాటి నిబంధనలలో, తొమ్మిది అంగుళములకంటె పొడవైన, లేక రెండు అంగుళములకంటె వెడల్పైన అలుగుగల కత్తులను ఆయుధములలో చేర్చి, ఇంటిపనికిని వ్యవసాయమునకును చేసినవాటిని విడిచిపెట్టిరి. కొడగువారి పీచెకత్తికి ప్రత్యేక మినహాయింపు కలదు. సిక్కులు కృపాణము ధరించుట మన రాజ్యాంగము 25వ అధికరణములోనే అంగీకరింపబడినది. ఇవన్నియు మంచివే. అయితే మా యౌవనుని కత్తి నాలుగంగుళములైనను లేదు. కొలబద్దను బట్టి చూచినయెడల అతడు నిరపరాధి. సంఘములోని ముసలివారి కొండకత్తులే నేరముగా కనబడును. కొలత మాకు ఉత్తరమియ్యలేదు.

జపాను దేశములో బడిపిల్లలు పెన్సిళ్లు చెక్కుకొనుటకు హిగొనొకామి యను మడతచాకును జేబులో నుంచుకొనెడివారు. 1960 అక్టోబరులో టోక్యో నగరమందు ఒక రాజకీయ నాయకుని సభావేదిక మీదనే పదునేడేండ్ల బాలుడు పొడిచి చంపెను. పొడిచినది పొట్టిఖడ్గముతో. అయినను ఆ తరువాత పిల్లలకు కత్తులు వద్దను ఉద్యమము లేచి, ఆ చిన్న చాకులును బడిసంచులలోనుండి పోయినవి. భయపడినవారిని తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. బిడ్డలు గలవారికి ఆ భయము తెలియును. కాని పెన్సిలు చెక్కుకొను పిల్లవాడు చేసిన తప్పు ఏమి?

ఇప్పుడు లూకా సువార్తకు వత్తము. కడరాత్రి భోజనమైన పిమ్మట శిష్యులు తమయొద్ద రెండు కత్తులున్నవని ప్రభువుతో చెప్పిరి. ఆయన చాలునని ఆ మాట ముగించెను. ఆ కత్తులను గూర్చి సెమినరీలో మేము చదువుకొనినది ఒకటి యున్నది. అక్కడ గ్రీకులో నున్న మాట 'మాఖైర'. దానికి పొట్టిఖడ్గమనియు, పెద్దకత్తియనియు కూడ అర్థమే. హెబ్రీ లేఖనములను పూర్వము గ్రీకులోనికి తర్జుమా చేసినవారు మోరీయా పర్వతమునకు పోవు అబ్రాహాము చేతి కత్తికిని ఆ మాటనే పెట్టిరి. నాలుగవ శతాబ్దపు కడపట అంతియొకయలో ప్రసంగించిన యోహాను క్రిసోస్తము, శిష్యులయొద్ద అవి యుండుట వింత కాదనియు, పస్కా గొఱ్ఱెపిల్ల నిమిత్తమై యుండుననియు తలంచెను.

ఈ తలంపు సరియైనయెడల సంగతి ఎంత ఘోరముగా నున్నదో చూడుడి. మేడగదిలో బల్లమీద మాంసము కోసిన కత్తి అది. దానిని కడిగి అక్కడనే పెట్టి రావచ్చును. కాని ఆ రాత్రి మనస్సులు కలతచెందియున్నవి. ఎవరో దానిని వస్త్రము క్రింద దాచుకొని కిద్రోను వాగు దాటెను. భోజనపు బల్లనుండి తోటవరకు వచ్చునప్పటికి అదే కత్తి మల్కు చెవి నరికెను. నడుమ ఎవరును దానికి క్రొత్తగా పదును పెట్టలేదు. మారినదంతయు దానిని మోయువాని లోపలనే.

ఇది తోచిన తరువాత మా యౌవనునితో ఏమి చెప్పవలెనో తెలిసినదనుకొంటిమి. పనికొరకు మోయు కత్తిని మనుష్యుడు మరచిపోవును. అవసరము వచ్చినప్పుడు మొలలో నున్నదని జ్ఞాపకము వచ్చును. భయముకొరకు మోయు కత్తిని మరచిపోలేడు. నడచినను కూర్చున్నను చేయి మాటిమాటికి జేబు తడుముచుండును. కాబట్టి, తమ్ముడా, నీ చేతిని అడుగుము. ఈ మాట మాకు చక్కగా కుదిరినట్లుండెను. ప్రసంగమునకు పనికివచ్చునని కాగితముమీద వ్రాసియు పెట్టుకొంటిమి.

అంతట మా మంచము క్రింది పెట్టె జ్ఞాపకమునకు వచ్చెను.

ఇక దాచుట ఏల? మేము కత్తులు కూర్చువారము. ఇది మా తాతగారినుండి వచ్చిన జబ్బు. ఆయన మిషను బడిలో ఉపాధ్యాయుడు. పిల్లల కలములు చెక్కుటకు షెఫీల్డు చాకు ఒకటి ఆయనయొద్ద నుండెను. అదియే నేటికిని మా జేబులో నున్నది. పదును పెట్టి పెట్టి దాని అలుగు సగమైనది. అది ఒక్కటే యుండిన బాగుండును. కాని తరువాత ఒకటొకటిగా చేరినవి. ఒక కరణముగారి వంశమువారు తాటాకులతోపాటు పారవేయబోయిన గంటము ఒకటి. దానికి ఒక ప్రక్క వ్రాయు మొన, మరియొక ప్రక్క ఆకు కత్తిరించు చిన్న అలుగు. రెండును మడచి ఒకే పిడిలోనికి పోవును. యెహోయాకీము రాజు చలికాలపు నగరులో కుంపటియెదుట కూర్చుండగా, యిర్మీయా గ్రంథపుచుట్టను కోసి అగ్నిలో వేసినది ఇట్టి లేఖకుని చాకే. వ్రాతకు సాయముచేయు పనిముట్టుతోనే వ్రాతను కోసిరి. ఆ గంటమును చేతబట్టుకొని ఆ అధ్యాయము మీద మేము రెండు ప్రసంగములు చేసియున్నాము.

ఒక స్నేహితుడు ఫ్రాన్సు దేశపు సవోయి కొండల చాకు నొకటి మాకిచ్చెను; కొయ్యపిడి గలది, 1890 నుండి ఒపినెల్ అనువారి యింట చేయుచున్నారు. అక్కడను కొండరైతులకొరకే అది పుట్టినదట. రాంపురము చాకు ఒకటి. ఇది సినిమాలలో దుష్టుల చేతనే కనబడునది. ఆ ఊరివారు మాత్రము 2023లో ఇరువది అడుగుల చాకును చేసి చౌరస్తాలో నిలువబెట్టుకొనిరి. ఒక జీలుగు కత్తి. అడకత్తెర కూడ ఒకటి కలదు గాని, అది కత్తి కాదని మా యింటివారు వాదింతురు. కణుజు కొమ్ము పిడిగలదాని నొకడు తెచ్చి చూపినప్పుడు మాత్రము వద్దంటిమి. 1972 నాటి వన్యప్రాణి చట్టము మాకు తెలియును. తెలియనియెడల ఏమి చేసియుందుమో చెప్పజాలము.

వీటిలో ఏడవది మా విచారమునకు మూలము.

2020లో కరోనా వచ్చి సంతలు మూతబడి, మరల తెరచిన తొలి వారములవి. ఒక పెద్దమనిషి, మా సంఘమువాడు కాడు, సంతలో అడ్డాకుల కట్టప్రక్కన తన మొలకత్తిని పెట్టుకొని కూర్చుండెను. జానెడు అలుగు, పిడికి ఇత్తడి కట్టు, అతని తాతకాలము నాటిది. వెల అడిగితిమి. రెండువందలనెను. మేము మూడువందలిచ్చితిమి. అడిగినదానికంటె నూరు హెచ్చుగా ఇచ్చితిమని ఆ సాయంత్రమంతయు మా మనస్సు పొంగుచుండెను. కత్తికి నూనె రాసి, గుడ్డలో చుట్టి పెట్టెలో నుంచితిమి.

ఆరేడు మాసములకు ఆ ప్రక్క గూడెములో జబ్బుతో నున్నవారిని చూడబోయి, అతని యింటి ముందుగా వచ్చుచుంటిమి. అతని కోడలు చెప్పినది విని నిలిచిపోతిమి. ఆ కత్తి అమ్మిన తరువాత మామ ఇరుగువారి కత్తి అడిగి తీసికొని కొండకు పోవుచున్నాడట. నాలుగు చీపురుకట్టలు గట్టినయెడల ఒకటి కత్తిగలవానికి. క్రొత్త కత్తి కొనుటకు చేతిలో డబ్బు నిలువదు. నిలువకుండుటకు ఆ నాలుగవ కట్ట ఒక కారణము.

ద్వితీయోపదేశకాండములో, అప్పిచ్చువాడు తిరుగటినిగాని దాని పైరాతినిగాని తాకట్టు పట్టకూడదని మోషే ఆజ్ఞ. అది మనుష్యుని ప్రాణమునే తాకట్టు పట్టుటయని అక్కడ కారణము చెప్పబడినది. మేము తాకట్టు పట్టలేదు, కొంటిమి. అతడే అమ్మజూపెను, అడిగినదానికంటె అధికముగా నిచ్చితిమి. మేము కొననియెడల మరియొకడు కొనును. ఇంకను చెప్పవలెనన్న, మావంటివారు దాచనియెడల ఈ కమ్మరుల చేతిపని రూపుమాసిపోదా? దారిపొడుగున ఈ మాటలన్నియు చెప్పుకొంటిమి. ఒక్కటియు ఇంటివరకు నడువలేదు. మరియొకడు కొనినను పనికొరకు కొనియుండును. కత్తి కొండకే పోవును. కమ్మరి విద్యను కాపాడదలచువాడు అతనియొద్దకు పోయి క్రొత్త కత్తి చేయించుకొని కూలి యియ్యవలెను. పేదవాని మొలలోనిది ఊడదీయుట దేనిని కాపాడుట? మాకు అది ఒక ముచ్చట. అతనికి అది తిరుగటి రాయి. ధర సరిపోయినంతమాత్రమున ఆ రెండును సరిపోలేదు.

మరుసటి వారము కత్తిని తీసికొని పోతిమి. సులభముగా ముగియుననుకొంటిమి. అతడు కత్తిని చేతబట్టి, బొటనవ్రేలితో వాదరను చూచి, మరల మా చేతిలోనే పెట్టెను.

"అమ్మీసినాను బాబూ. డబ్బులు తినీసినాం. ఇప్పుడు ఊరకే అట్టుకుంటే నేనేటవుతాను?"

దీనికి మాయొద్ద జవాబు లేదు. మేము మా మనస్సు తేలిక చేసికొనుటకు పోతిమి; అందుకు అతని మర్యాదను బదులడిగితిమి. ఎండలో చాలసేపు కూర్చుంటిమి. కడపట అతడే త్రోవ చూపెను. కత్తి ఇప్పుడు తీసికొనును. కాఫీపండ్లు కోయు కూలి వచ్చినప్పుడు సొమ్ము తెచ్చియిచ్చును. అది మేము పుచ్చుకొనవలెను, వద్దనకూడదు. ఒప్పుకొంటిమి. ఆ ఒప్పుకొనుట మాకు కత్తి యిచ్చుటకంటె కష్టమైనది.

జనవరిలో అతడు మా యింటికి వచ్చి అరుగుమీద రెండు నూరురూపాయల నోట్లు పెట్టెను. మూడవది ఏదని మేము అడుగలేదు, అతడే చెప్పెను. "నేనడిగింది రెండొందలే. ఆ వంద మీ మనసుకొద్దీ ఇచ్చినారు. అది నాకు దానం. దానం తిరిగిస్తే మీకు తప్పుకదేటి?" మేము పొంగిపోయిన ఆ నూరు రూపాయలను అతడు మొదటి దినముననే దాని లెక్కలో వేసి పెట్టుకొనియున్నాడు! నోట్లు తీసికొంటిమి. మా యింటివారు అతనికి టీ ఇచ్చిరి.

ఈ కథ అంతయు మొన్న ఆ యౌవనునికి చెప్పితిమి. మేము కాగితముమీద వ్రాసికొనిన మాటయు, అనగా చేయి జేబు తడుమును గదా అను మాటయు చెప్పితిమి. "నీ కత్తితో కడపట కోసినదేమి?" అని అడిగితిమి. అతడు ఆలోచించి, జ్ఞాపకము లేదనెను. తరువాత, మర్యాదగానే, "పెట్టెలోవాటితో మీరేటి కోసినారండి?" అని అడిగెను.

ఏమియు కోయలేదు. రాత్రి తలుపువేసికొని ఒకటొకటిగా తీసి, నూనె రాసి, చేతిలో త్రిప్పి చూచి లోపల పెట్టుచుంటిమి. భయపడువాని చేయివలెనే మా చేయియు వాటిని తడుముచుండెను. మా ఉపదేశము మాకే వచ్చి తగిలినది.

అతడు తన మడతకత్తిని ఇంట పెట్టెనో లేదో ఇంకను మేము అడుగలేదు. గడచిన రెండు ఆదివారములు అతడు ఆరాధనకు వచ్చెను. మా ప్రక్కనే కూర్చుండెను. తాతగారి చాకు మా జేబులోనే యున్నది. తక్కినవి పెట్టెలో నున్నవి. ఆ గంటమును విడుచుటకు మాకు మనస్సు రాకున్నది. జీలుగు కత్తి ఎవరి యింటినుండి వచ్చినదో కమ్మరివానిని అడుగగా, అలుగు చూచి ఊరి పేరు చెప్పెను. వచ్చు సంతకు ఆ ఊరివారు దిగుదురు. రెండువందలో మూడువందలో, నాడు మేమెంత యిచ్చితిమో పాత లెక్కపుస్తకములో వెదకుచున్నాము.